ఇంట గెలుపు - రచ్చ గెలుపు

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పిన సామెతను అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రజలు శాసనము వలె పాటించుచున్నారు. వారి రాజ్యాంగములో నీ పద్ధతి ప్రసక్తియే లేదు. అయినను అధ్యక్ష పదవిని కోరువాడు ఎదుటి పక్షమువానితో తలపడుటకు ముందు తన పక్షములోని పోటీదారులను రాష్ట్రము వెంట రాష్ట్రముగా నోడించి రావలెను. ఈ యింటిపోరునకే ప్రైమరీ యని పేరు. నాలుగేండ్లకొకసారి జనవరి, ఫిబ్రవరి మాసములలో మొదలై జూన్ వఱకు నిది సాగును. అందఱికంటె ముందున్నాడని పేరుపడిన యభ్యర్థి యేదేని యొక రాష్ట్రములో అత్తెసరు వోట్లతో గట్టెక్కెనా, మఱునాటి యుదయమున పత్రికలును, టెలివిజనులును, ఇప్పుడు చేతిలోని ఫోనులును ఒక్క గొంతుకతో తీర్పు చెప్పును: గెలిచెనే గాని వీనికి బలము లేదు, నవంబరులో నిలువజాలడు.

ఈ తీర్పునకు సాక్ష్యమెంత యున్నది? వ్యాజ్యములాడినవారికి తెలిసిన నానుడి యొకటి కలదు: ఓడినవాడు కోర్టులోనే యేడ్చెను, గెలిచినవాడు ఇంటికి పోయి యేడ్చెను. కాని గెలిచి యేడ్చినవాడు అప్పీలులో తప్పక యోడునని యే వకీలును చెప్పడు. డిక్రీ యొక సంగతి, దానిని సంపాదించుటకైన ఖర్చొక సంగతి, పై కోర్టులో వ్యాజ్యపు గతి వేఱొక సంగతి. ఈ మూటిని కలగలిపి మాటలాడుట రాజకీయ వ్యాఖ్యాతలకు మాత్రమే చెల్లినది. 2028లో ఆ దేశమున మఱల అధ్యక్ష నిర్ణయము జరుగవలసియున్నది. అప్పుడు వినబోవు తీర్పులను పాత రికార్డులతో సరిపోల్చి చూచుటకు ఇదియే తగిన సమయము.

అందఱును ముందుగా నుదాహరించునది 1968వ సంవత్సరపు న్యూహాంప్‌షైరు ముచ్చట. ఆ రాష్ట్రము చిన్నది; పిట్ట కొంచెము, కూత ఘనము. అప్పుడు లిండన్ జాన్సన్ అధ్యక్షుడు. వియత్నాము యుద్ధమును వ్యతిరేకించుచు మిన్నెసోటా సెనేటరగు యూజీన్ మెకార్థీ స్వపక్షములోనే యాయనపై నిలిచెను. మార్చి 12వ తేదీన వోట్లు లెక్కించగా జాన్సనుకు నూటికి 49.6, మెకార్థీకి 41.9 వచ్చినవి. జాన్సను పేరు వోటుపత్రముపై అచ్చుకాలేదనియు, ఆయన పక్షమువారు చేతితో పేరు వ్రాసి వోటు చేసిరనియు మఱచిపోరాదు. అభ్యర్థిగా పేరీయని వానిని నాలుగువేలకు పైబడిన యాధిక్యముతో నెగ్గించుట సామాన్యముగా గొప్ప సంగతియే. కాని లోకము దానిని జాన్సను పరాజయముగానే చదివినది. నాలుగు దినములకు రాబర్టు కెన్నెడీ పోటీలో దిగెను. మార్చి 31వ తేదీ రాత్రి జాన్సను తాను మఱల నిలువనని దేశమునకు చెప్పివైచెను. గెలిచిన పందెములో నుండి గెలిచినవాడే తప్పుకొనుట కిది ప్రసిద్ధోదాహరణము.

అత్తెసరు గెలుపు పతనసూచకమనువారు ఇంతటితో తమ వాదమును ముగింతురు. కాని యీ రికార్డులో మఱియొక పుట యున్నది. దానిని చదువువారు తక్కువ. మిచిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన పండితులు ఆ సంవత్సరపు వోటర్లను విచారించి 1969లో తమ ఫలితములను ప్రకటించిరి. న్యూహాంప్‌షైరులో మెకార్థీకి వోటు చేసి జాన్సను యుద్ధవిధానముపై నసంతృప్తి వెలిబుచ్చినవారిలో, యుద్ధమును మానవలెననువారికంటె ఇంకను ఉగ్రముగా సాగింపవలెననువారే, ఇంచుమించు ముగ్గురికిద్దఱు చొప్పున, అధికముగా నుండిరని వారు కనుగొనిరి. పాఠకులు దీని యర్థమును ఒకింత యాలోచింతురు గాక. శాంతివాదికి పడిన వోట్లలో నధికభాగము శాంతికై పడినవి కావు. పాలకునిపై కోపముతో పడినవి. జాన్సను బలహీనుడైనమాట నిజమే. కాని యా బలహీనత యెట్టిదో, యేవైపు నుండి వచ్చినదో పత్రికలు చదివిన తీరు తప్పు. రోగమున్నదని గుర్తించి రోగమునకు వేఱొక పేరు పెట్టిన వైద్యుని మనమేమందుము?

నాలుగేండ్లు గడచిన పిదప, 1972లో, అదే రాష్ట్రమున ఎడ్మండ్ మస్కీకి నూటికి 46 వోట్లును, జార్జి మెక్‌గవర్నుకు 37 వోట్లును వచ్చెను. తొమ్మిది వంతుల తేడా యెక్కడనైనను చక్కని విజయమే యనిపించుకొనును. అయితే మస్కీ ప్రక్కనున్న మెయిన్ రాష్ట్రపువాడు. సగమునకు మించి తెచ్చుకొనునని యంచనాలు వేసియుండిరి. అంచనాకు తగ్గెను గనుక ఓడెనని నిర్ణయించిరి. ధనమిచ్చువారు చేతులు ముడుచుకొనిరి, కార్యకర్తలు చెదరిరి, మస్కీ కొలది వారములలో వెనుకబడిపోయెను. పక్షపు టికెట్టు మెక్‌గవర్నుకు దక్కెను. నవంబరులో ఆయన రిచర్డ్ నిక్సను చేతిలో 49 రాష్ట్రములను పోగొట్టుకొని, మసాచుసెట్సును, రాజధాని కొలంబియా జిల్లాను మాత్రము నిలుపుకొనెను. బలహీనుడని యొకనిని త్రోసివైచి పక్షమువారు తెచ్చుకొన్న బలవంతుడీయన! మస్కీ నిలిచియున్నచో గెలిచియుండునని మేమనుటలేదు. ఒక యభ్యర్థి బలము తక్కువయని తేలినంతమాత్రమున రెండవవాని బలము ఎక్కువ యని తేలదు. సివిలు వ్యాజ్యములో ప్రతివాది సాక్ష్యము వీగిపోయినను వాది తన హక్కును తాను ఋజువు చేసికొనవలసినదే గదా.

బొటాబొటి గెలుపు ఒక్కొక్కప్పుడు గెలిచినవానికి మేలే చేయును. 1960వ సంవత్సరపు విస్కాన్సిన్ కథ యిందుకు చాలును. జాన్ కెన్నెడీ రోమన్ కాథలిక్కు. 1928లో కాథలిక్కగు ఆల్ స్మిత్ అధ్యక్షపదవికి నిలిచి ఘోరముగా నోడుట పక్షపు పెద్దలింకను మఱువలేదు. కాథలిక్కును ప్రొటెస్టెంటు వోటర్లు అంగీకరింపరను భయమొక్కటే కెన్నెడీ మార్గమున కడ్డము. ఏప్రిల్ 5వ తేదీన విస్కాన్సినులో ఆయన హ్యూబర్ట్ హంఫ్రీని నూటికి 56.5 వోట్లతో నోడించెను. హంఫ్రీ ప్రక్క రాష్ట్రమగు మిన్నెసోటావాడు, ఆ ప్రాంతమునకు చిరపరిచితుడు. అయినను లక్ష వోట్లకు పైబడిన యాధిక్యమును ఎవరును లెక్కింపలేదు. పది కాంగ్రెసు జిల్లాలలో ఆఱు మాత్రమే కెన్నెడీకి దక్కినవనియు, దక్కినవానిలో కాథలిక్కులే మెండనియు చూపి, ఇది మతము తెచ్చిన గెలుపేగాని మనిషి తెచ్చినది కాదని పెదవి విఱిచిరి.

ఈ పెదవి విఱుపే హంఫ్రీకి ఆశ కల్పించినది. విస్కాన్సినులో చిత్తుగా నోడియుండినచో ఆయన యింటికి పోయియుండును. కొలదిగా నోడుటచేత వెస్ట్ వర్జీనియాకు పోయెను. బొగ్గు గనుల ప్రదేశమగు నా రాష్ట్రమున కాథలిక్కులు అత్యల్పసంఖ్యాకులు. మే 10వ తేదీన కెన్నెడీ యచ్చట నూటికి 60కి మించిన వోట్లతో గెలువగా, కాథలిక్కు గెలువజాలడను వాదము నోరు మూతపడెను, హంఫ్రీ విరమించుకొనెను. పోటీ సాగకున్నచో నీ ఋజువు దొరికెడిది కాదు. ఇంతకును నవంబరులో నిక్సనుతో తలపడినప్పుడు కెన్నెడీ వెస్ట్ వర్జీనియాను గెలిచి విస్కాన్సినును పోగొట్టుకొనెను. అనగా విస్కాన్సిన్ ప్రైమరీలో బలహీనతను పసిగట్టినవారు ఆ రాష్ట్రము విషయములో తప్పలేదు. దేశము విషయములో తప్పిరి. ఒక సంకేతమును ఎంతదూరము వఱకు నమ్మవలెనో తెలియకపోవుటయే యిందలి చిక్కు.

పదవిలో నున్న అధ్యక్షుని సంగతి వేఱుగా నెంచవలెను. ఈ భేదమును పాటింపకుండ చేయు చర్చ యంతయు వ్యర్థమని మా యభిప్రాయము. క్రొత్తగా పదవిని కోరువారు పలువురు పోటీపడుట సహజము. వోట్లు చీలుటయు సహజమే. కాని నాలుగేండ్లు దేశమునేలినవానిపై స్వజనులే తిరుగబడి, అందు చెప్పుకోదగిన వోట్లు తెచ్చుకొనుట సహజము కాదు. 1952లో ట్రూమన్ న్యూహాంప్‌షైరులో కెఫావరు చేతిలో నోడి, ఆ నెల ముగియకముందే తాను నిలువనని ప్రకటించెను. 1976లో ఫోర్డు అదే రాష్ట్రమున రొనాల్డ్ రీగనును ఇంచుమించు ఒకటిన్నర వంతు తేడాతో దాటి, కాన్సస్ నగరపు మహాసభ వఱకు నీడ్వబడి, 1187కు 1070 చొప్పున వోట్లతో టికెట్టు నిలుపుకొని, నవంబరులో కార్టరు చేతిలో నోడెను. 1980లో ఆ కార్టరే ఎడ్వర్డ్ కెన్నెడీతో పక్షమందు పోరాడి నెగ్గి, రీగను చేతిలో కూలెను. 1992లో పెద్ద బుష్‌పై పాట్రిక్ బుకానన్ న్యూహాంప్‌షైరులో నూటికి 37 వోట్లు లాగుకొనెను. ఆ నవంబరులో దేశమంతటను కలిపి బుష్‌కు వచ్చినవియు ఇంచుమించు నూటికి 37 వోట్లే.

వరుస చూడగా విధి వ్రాసిన శాసనము వలె నున్నది. అయినను కారణమేది, కార్యమేది యని యడుగకుండ శాసనములను నమ్మరాదు. ఫోర్డు ప్రజలచే అధ్యక్షునిగా గాని ఉపాధ్యక్షునిగా గాని యెన్నడును ఎన్నుకొనబడినవాడు కాడు; నిక్సనుకు 1974లో క్షమాభిక్ష యిచ్చిన మచ్చ యాయనను వదలలేదు. కార్టరు కాలమున ధరలు మండిపోయినవి, ఇరానులో అమెరికనులు బందీలైరి. రీగను, కెన్నెడీ పోటీకి దిగకున్నను ఈ కష్టములుండెడివే. ఇల్లు కాలుచున్నదని పొరుగువాడు కేకలు వేసిన, కేకలవలన నిల్లు కాలెననవచ్చునా? పైగా స్వపక్షములో నెదురే లేని యధ్యక్షుడు తప్పక గెలుచుననియు చెప్పజాలము. 1984లో రీగను, 1996లో క్లింటను, 2012లో ఒబామా ఇంటిపోరు లేకయే రెండవమాఱు నెగ్గిన మాట నిజము. 2020లో ట్రంపునకును స్వపక్షములో చెప్పుకోదగిన ప్రత్యర్థి లేడు. అయినను జో బైడెను చేతిలో నోడెను.

పదవిలో లేనివారి విషయమునకు వత్తము. ఇచ్చట రికార్డు పూర్తిగా తలక్రిందులగుచున్నది. 2016వ సంవత్సరపు విస్కాన్సినును మఱల చూడుడు. ఏప్రిల్ 5వ తేదీన ఉభయపక్షముల ప్రైమరీలు నచ్చట జరిగినవి. డెమొక్రాటులలో ముందున్న హిల్లరీ క్లింటను బెర్నీ శాండర్సు చేతిలో నూటికి 13 వంతుల తేడాతో నోడెను. రిపబ్లికనులలో ముందున్న ట్రంపు టెడ్ క్రూజు చేతిలో నదే మోస్తరు తేడాతో నోడెను. గెలిచినను అత్తెసరుగా గెలిచిరనుట కాదు. ఇద్దఱును స్పష్టముగా నోడిరి. ప్రైమరీలో తడబాటు నవంబరులో పరాజయమునకు గుఱుతైనచో ఇద్దఱును ఆ రాష్ట్రమును పోగొట్టుకొనవలెను! ఒకరు గెలువక తప్పదు గనుక ట్రంపు 22,748 వోట్లతో గెలిచెను. క్లింటను ఓటమిని ముందుగానే సూచించెనని యిప్పటికిని ఆ ప్రైమరీని మెచ్చుకొనువారు, అదే దినమున అదే సాక్షి ట్రంపు విషయమై చెప్పిన మాటను దాచుదురు. సాక్షి వాఙ్మూలములో మనకు పనికివచ్చు సగమును మాత్రమే చదివి వినిపించుట కోర్టులో చెల్లదు.

అయితే క్లింటను పక్షమున మేము వకాల్తా పట్టలేదు. ఆ సంవత్సరమే మార్చి 8వ తేదీన మిచిగనులో జరిగినది తీవ్రముగా నాలోచింపదగినది. ఆమె యిరువది వంతుల యాధిక్యముతో గెలుచునని సర్వేలు చెప్పగా శాండర్సు ఒకటిన్నర వంతుతో గెలిచెను. మోటారు కర్మాగారముల పట్టణములలోని కార్మికులు, విదేశవ్యాపార ఒడంబడికలవలన పనులు పోయెనని నమ్మినవారు, ఆమెను వీడుచున్నారని యది తెలిపినది. నవంబరులో ఆ రాష్ట్రము 10,704 వోట్లతో ఆమె చేయి జాఱెను. ఇచ్చట సంకేతము సత్యమే; కాని యా సత్యము తేడాలో లేదు. ఒకటిన్నర వంతు ఓటమికి మాఱుగా ఒకటిన్నర వంతు గెలుపు వచ్చియుండినను అందలి సంగతి యదియే. ఎవరు వదలిపోయిరి, ఎందుకు వదలిపోయిరి, నవంబరులో వారికి పోవుటకు వేఱొక యిల్లున్నదా యనునదియే సంగతి.

ఈ కడపటి ప్రశ్నయే కీలకము. 2008లో ఒబామా పెన్సిల్వేనియా, ఒహాయో ప్రైమరీలను రెంటిని క్లింటనునకు కోల్పోయెను. కార్మికులాయనను మెచ్చరని యప్పుడును వ్రాసిరి. నవంబరులో ఆ రెండు రాష్ట్రములును ఆయనకే దక్కెను. మార్చి, ఏప్రిల్ మాసములలో క్లింటనుకు వోటు చేసిన డెమొక్రాటులలో నధికులకు జాన్ మెకెయిన్ యిల్లు చుట్టపుటిల్లు కాలేదు. అన్నదమ్ములు పంపకముల దగ్గఱ తగవులాడినంత మాత్రమున ఊరివాని దావాలో ఒకరికెదురుగా నొకరు సాక్ష్యము చెప్పుదురా? చెప్పువారును ఉందురు, కాని యది తగవు స్వభావమును బట్టి యుండును.

ఇంకొక్క సంగతి. గెలుపు ఎంతటిదని యడుగుటకు ముందు, అచ్చటి చట్టమేమని యడుగవలెను. డెమొక్రాటులు నూటికి 15 వోట్లు దాటిన వారందఱికిని దామాషా చొప్పున ప్రతినిధులను పంచుదురు. రిపబ్లికనులు కొన్ని రాష్ట్రములలో గెలిచినవానికే మొత్తమును కట్టబెట్టుదురు. 2016లో దక్షిణ కరోలినాలో ట్రంపునకు మూడవవంతు వోట్లైనను రాలేదు. కాని యచ్చటి 50 మంది ప్రతినిధులును ఆయనకే వచ్చిరి. 2008లో నెవాడాలో క్లింటను గెలిచెను. ప్రతినిధులలో మాత్రము ఒబామాకు 13, ఆమెకు 12! ఇక 2012లో అయోవాలో మిట్ రామ్నీ 8 వోట్లతో గెలిచినట్లు జనవరి 3వ తేదీ రాత్రి చాటింపు వేసిరి. రెండు వారముల పిమ్మట కాగితములు సరిచూడగా రిక్ శాంటోరమే 34 వోట్లతో ముందుండెను. ఆ రెండు వారములలో రామ్నీ గెలుపును గుఱించి వ్యాఖ్యాతలు వ్రాసిన పుటలను తిరిగి తీసికొన్నట్లు మేము వినలేదు.

అత్తెసరు గెలుపును బలహీనతగా చూచువారు, ఆ లెక్కనే ఘనవిజయమును బలముగా నెంచవలసివచ్చును. 2024లో బైడెను ప్రైమరీలలో నిరాటంకముగా గెలిచెను. మూడువేల యెనిమిదివందలకు పైబడిన ప్రతినిధులు ఆయనకు దక్కిరి. పేరుపడిన పెద్దలెవ్వరును ఎదురు నిలువలేదు. మిచిగనులో మాత్రము, గాజా యుద్ధముపై నసమ్మతితో, లక్షమంది వోటర్లు ఎవరికిని గాకుండ తటస్థమను గడిలో గుఱుతుపెట్టిరి. నూటికి 13 వంతులే గదా యని తేలికగా తీసికొనిరి. జూన్ 27వ తేదీన ట్రంపుతో జరిగిన వాదములో ఆయన తడబాటును దేశమంతయు చూచినది. జూలై 21వ తేదీన ఆయన పోటీనుండి తప్పుకొనెను. ఇంటిపోరులో నెవ్వరును గట్టిగా పరీక్షింపకపోవుటచేతనే యా లోపము జూన్ వఱకు మాటుననుండెను. ఫిబ్రవరిలో నొక గట్టి ప్రత్యర్థి యెదురుగా నిలిచి, అయిదాఱు వాదములు జరిగి, బైడెను బొటాబొటిగా గెలిచియున్నను, కాక యోడియున్నను, ఆ పక్షమునకు నిజము నాలుగు నెలలు ముందుగా తెలిసెడిది.

ఇంతవఱకు తీర్పు సరియా కాదా యనియే విచారించితిమి. తీర్పువలన కలుగు నష్టమును చెప్పవలసియున్నది, మాకిదియే ముఖ్యము. న్యూహాంప్‌షైరు వంటి చిన్న రాష్ట్రములో కొలది వేల వోట్ల తేడాను చూచి, ఇతడు బలహీనుడని ప్రకటించిన మఱుక్షణమున ఇతనికి చందాలాగును. చందాలాగిన ప్రకటనలాగును. ప్రకటనలాగిన వోట్లు తగ్గును. తగ్గిన వోట్లను చూపి, మేము ముందే చెప్పలేదా యని జోస్యులు మీసము దువ్వుదురు. మస్కీ విషయమున జరిగినది చాలవఱకిదియే. జోస్యము ఫలించుట వేఱు, జోస్యము చెప్పినవాడే దానిని ఫలింపజేయుట వేఱు. దీనికి బలియగువాడు అభ్యర్థి యొక్కడే యైన మనకంత విచారము లేదు. జూన్ మాసములో వోటు చేయు న్యూజెర్సీ వంటి రాష్ట్రముల పౌరులు తమ వంతు వచ్చునప్పటికి పత్రముపై పేర్లే గాని పోటీ మిగులక చూచుచుందురు. మన కృష్ణా, గుంటూరు, కరీంనగరము జిల్లాలనుండి వెళ్లి ఆ దేశపు పౌరసత్వము పొందిన తెలుగు కుటుంబములు న్యూజెర్సీలో ననేకములున్నవి. వోటుహక్కు చేతికి వచ్చినను అధ్యక్షాభ్యర్థిని ఏఱుకొను హక్కు వారికి పెక్కుసారులు కాగితముమీదనే నిలిచిపోవుచున్నది.

మన దేశమున నిట్టి పరీక్ష కొత్తది కాదు. 1939 జనవరి 29వ తేదీన త్రిపురి కాంగ్రెసు అధ్యక్షతకు జరిగిన పోటీలో సుభాష్ చంద్రబోసునకు 1580, బందరు వాస్తవ్యులగు డాక్టరు పట్టాభి సీతారామయ్యగారికి 1377 వోట్లు వచ్చినవి. పట్టాభిగారి యోటమి తన యోటమియే యని గాంధీజీ ప్రకటించిన సంగతి మన ప్రాంతమున నెఱుగనివారుండరు. 203 వోట్ల గెలుపు బోసునకు నిలువలేదు. కార్యవర్గములోని వారధికులు రాజీనామాలిచ్చిరి, ఏప్రిల్ 29వ తేదీన ఆయనయు రాజీనామా యిచ్చెను. తేడా స్వల్పమగుటచేతనే యిట్లు జరిగెనందురా? వేయి వోట్ల తేడా వచ్చియున్నను గాంధీజీ యసమ్మతి మిగిలియే యుండెడిది. చిక్కు సంఖ్యలో లేదు. పట్టాభిగారే 1948లో పురుషోత్తమదాస్ టాండనుపై స్వల్పాధిక్యముతో గెలిచి జయపురము కాంగ్రెసున కధ్యక్షులై, తమ పదవీకాలమును గడిపిరి. ఆ టాండనుగారు 1950లో కృపలానీగారిపై గెలిచి, నెహ్రూగారితో పొసగక 1951లో దిగిపోయిరి. బొటాబొటి గెలుపులు మూడు. గతులు మూడు విధములు.

స్వాతంత్ర్యానంతరము మన పక్షములకీ యలవాటు క్రమముగా తప్పిపోయినది. 2000లో కాంగ్రెసు అధ్యక్షతకు పోటీ జరిగినప్పుడు సోనియాగాంధీగారి ప్రత్యర్థికి 94 వోట్లు వచ్చినవి. మఱల పోటీ జరుగుటకు 2022 వఱకు వేచియుండవలసివచ్చెను. అప్పుడు ఖర్గేగారికి 7,897, శశిథరూరుగారికి 1,072 వోట్లు పడగా, వేయి దాటుటే విడ్డూరమని చెప్పుకొనిరి. తక్కిన పక్షములలో నధికభాగమునకు ఈపాటి లెక్కయు లేదు. తెలుగు రాష్ట్రములు రెంటిలోను శాసనసభాభ్యర్థుల జాబితా ఒక రాత్రి యొక యింటినుండి వెలువడును; ఎవ్వరు ఎవ్వరిపై ఎంత తేడాతో నెగ్గిరో తెలుపు కాగితము పుట్టనే పుట్టదు. అంతవఱకు అమెరికావారి యత్తెసరు గెలుపులను చూచి మన వ్యాఖ్యాతలు నవ్వుట భావ్యము కాదు.

2028 ప్రథమభాగమున ఆ దేశమునుండి వార్తలు రానారంభించును. ఒకానొక రాష్ట్రములో ముందున్నవాడు రెండు వంతుల తేడాతో గట్టెక్కెనని చదివినప్పుడు, మా పఠనమందిర మిత్రులు పందెములు వేయుటకు ముందు నాలుగు సంగతుల కొఱకు వెదకవలెనని మా మనవి. అతడు పదవిలో నున్నవాడా కాడా; ఎదుటివానికి పోయిన వోట్లు ఏయే పట్టణములవి, ఏ వృత్తులవారివి; అచ్చట ఇతర పక్షమువారును తటస్థులును వోటు చేయుటకు చట్టమొప్పునా లేదా; ప్రతినిధుల పంపకమెట్లు. ఈ పత్రికలో మేమీ వివరములనే మొదటి పుటలో నచ్చొత్తింతుము. తేడా యెన్ని వంతులన్నది లోపలి పుటలో నుండును.